మంచుదారికి తగిన టైర్లు

మన బిడ్డలలో కొందఱు కెనడా వంటి శీతల దేశములలో కార్లు నడుపుచున్నారు గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఆ దేశపు క్యూబెక్ రాష్ట్రమున డిసెంబరు 1 మొదలు మార్చి 15 వఱకు కార్లకు చలికాలపు టైర్లు చట్టరీత్యా తప్పనిసరి. మంచు పడినపుడు చూచుకొందమనుట పొరపాటు. చలి 7 డిగ్రీలకు దిగినంతనే మామూలు టైరు రబ్బరు బిగిసి పట్టు తగ్గును. చలికాలపు రబ్బరు మెత్తగనే యుండును; దానిపైనున్న సన్నని గాట్లు మంచును కఱచి పట్టును. కొనునపుడు మూడు శిఖరముల కొండలో మంచురేకు గల గుర్తును చూడవలయును. 'ఎం ప్లస్ ఎస్' అను అక్షరములు మాత్రమే చాలవు. వానికి మంచుపై పరీక్ష యక్కఱలేదు. ఖర్చునకు వెఱచి ముందు చక్రములకే వేయువారు కలరు. ఇది మాకు మిక్కిలి భయము గొల్పును: బ్రేకు నొక్కినపుడు ముందుభాగము నిలువగా వెనుకభాగము ప్రక్కకు జాఱి కారు గిరగిర తిరుగవచ్చును. నాలుగింటికిని వేయవలసినదే. పాతవి కొన్నచో గాడి లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గకుండ చూచుకొనవలయును.