ఫోన్‌కి వచ్చిన మెసేజ్ ట్యాబ్‌లోకి ఎలా చేరుతుంది, ఎలా ఆపాలి

ఎస్ఎమ్ఎస్ సిమ్ కార్డును వెతుక్కుంటూ వచ్చే సందేశం. పంపినవారి ఫోన్ నుంచి బయల్దేరిన నాలుగు ముక్కలు మొదట మొబైల్ కంపెనీ సందేశ కేంద్రానికి చేరతాయి. ఆ నంబరు గల సిమ్ ఆ క్షణాన ఎక్కడుందో నెట్‌వర్క్ తన రిజిస్టరులో చూసుకుని, అక్కడి టవర్ ద్వారా ఆ ఒక్క సిమ్‌కే సందేశాన్ని అందిస్తుంది. ఫోన్ స్విచాఫ్‌లో ఉంటే కేంద్రం దాన్ని కొంతకాలం తన దగ్గరే ఉంచుకుంటుంది. ఫోన్ మళ్లీ నెట్‌వర్క్‌లోకి రాగానే పంపుతుంది. ఈ దారిలో ఎక్కడా ట్యాబ్‌కు చోటు లేదు. అయినా ఇవాళ చాలా ఇళ్లలో ఫోన్‌లో మోగిన మెసేజ్ హాల్లో ఉన్న ట్యాబ్‌లోనూ మోగుతోంది. అది మొబైల్ కంపెనీ చేసే పని కాదు. ఎస్ఎమ్ఎస్ మీద ఆపిల్, గూగుల్, శామ్‌సంగ్ లాంటి సంస్థలు తర్వాత కట్టుకున్న పై అంతస్తు అది. ఆపాలన్నా ఆ పై అంతస్తులోనే ఆపాలి.

కింది అంతస్తు ఎంత ఇరుకైనదో చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మొట్టమొదటి ఎస్ఎమ్ఎస్ 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో వోడాఫోన్ నెట్‌వర్క్ మీద వెళ్లింది. నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీరు కంప్యూటరు నుంచి క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు. ఒక సందేశానికి దక్కే చోటు 140 బైట్లు. ఒక్కో ఇంగ్లిషు అక్షరాన్ని 7 బిట్లలో సర్దితే అందులో 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు మామూలుగా యూనికోడ్ వాడతారు. అందులో ఒక్కో సంకేతం 16 బిట్లు తీసుకుంటుంది కాబట్టి 70 సంకేతాలతోనే సందేశం నిండిపోతుంది. గుణింతపు గుర్తులూ పొల్లులూ విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిసి ఆరు సంకేతాలున్నాయి. ఇంత చిన్న సంచిలో ‘ఈ సందేశాన్ని ఫలానా ట్యాబ్‌కు కూడా ఇవ్వు’ అని రాసుకునే వీలే ఎవరూ పెట్టలేదు.

ఒక నంబరు, ఒక సిమ్, ఒక చేయి అన్న ఈ లెక్క మీదే మన దేశపు డబ్బు లావాదేవీలు చాలావరకు నిలబడి ఉన్నాయి. ఇంటర్నెట్‌లో కార్డుతో కొనేటప్పుడు కార్డు మీద ఉన్న వివరాలకు తోడు మరో ధ్రువీకరణ కూడా ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి నిబంధన పెట్టింది. ఆ రెండో ధ్రువీకరణగా జనానికి బాగా అలవాటైనది ఫోన్‌కు వచ్చే ఓటీపీ. యూపీఐ యాప్ కూడా నమోదు సమయంలో ఫోన్‌లోని సిమ్ నుంచి ఒక ఎస్ఎమ్ఎస్‌ను తానే పంపి, ఖాతాతో ముడిపడిన సిమ్ ఈ ఫోన్‌లోనే ఉందని తేల్చుకుంటుంది. సిమ్ ఉన్న ఫోన్ యజమాని చేతిలోనే ఉంటుందని ఈ ఏర్పాట్లన్నీ నమ్ముతాయి.

ట్యాబ్ సంగతి అలా కాదు. ఫోన్ మనిషిది, ట్యాబ్ ఇంటిది. పిల్లలు బొమ్మల సినిమా చూసేదీ, అమ్మమ్మ అమెరికాలోని మనవరాలితో వీడియో కాల్ మాట్లాడేదీ దాంట్లోనే, వచ్చిన చుట్టాలు ఒకసారి ఇలా ఇవ్వమని అడిగి తీసుకునేదీ దాన్నే. చాలా ఇళ్లలో దానికి తాళం ఉండదు, ఉన్నా ఆ అంకెలు ఇంటిల్లిపాదికీ తెలుసు. వంటింట్లో ఫోన్ చార్జింగులో ఉండగా, హాల్లో పిల్లవాడు చూస్తున్న బొమ్మ మీద తెర పైభాగాన ఒక పట్టీ జారి, ఆరంకెల ఓటీపీ రెండు సెకన్లు మెరిసి పోతుంది. డాక్టరు దగ్గరి నుంచి పరీక్షల ఫలితం, ఉద్యోగానికి పిలుపు, స్నేహితురాలు రాసుకున్న కష్టం, అన్నీ అదే దారిన వస్తాయి. ఫోన్ మెసేజ్‌లు ట్యాబ్‌లోకీ చేరే ఈ సింక్ ఆపాలని అడిగేవారిని ఏదో దాస్తున్నట్టు చూడటం తగదు. ఎవరి ఉత్తరం వారే విప్పుకోవాలన్న మర్యాద తెరకూ వర్తిస్తుంది.

ట్యాబ్‌లోకి మెసేజ్ మూడు దారుల్లో రావచ్చు. నంబరుతో ముడిపడిన ఖాతా ద్వారా కంపెనీ సర్వరు నుంచి నేరుగా ట్యాబ్‌కే రావడం ఒకటి. ఫోన్ అందుకున్న ఎస్ఎమ్ఎస్‌ను ఫోనే ట్యాబ్‌కు అందించడం రెండోది. సంభాషణలన్నీ క్లౌడ్‌లో భద్రమై, అక్కడి నుంచి రెండు పరికరాల్లోకీ దిగడం మూడోది. ఏ దారిన వస్తోందో తేల్చుకోకుండా కనిపించిన మీటల్లా నొక్కితే ఒక దారి మూసుకుని మరో దారి తెరిచే ఉంటుంది. తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. ఫోన్‌ను పూర్తిగా స్విచాఫ్ చేసి, ఎవరినైనా ఆ నంబరుకు మెసేజ్ పెట్టమనాలి. అప్పుడూ ట్యాబ్ మోగితే మెసేజ్ సర్వరు నుంచే వస్తోందన్నమాట. మోగకుండా, ఫోన్ ఆన్ చేశాక రెండింటిలోనూ ఒకేసారి కనిపిస్తే ఫోనే మోసుకొస్తోంది. ఎస్ఎమ్ఎస్ అంతవరకూ సందేశ కేంద్రంలోనే ఆగి ఉంది కాబట్టి ట్యాబ్‌కు అది ముందుగా దొరికే వీల్లేదు. నెలల నాటి పాత సంభాషణలు కూడా కొత్త ట్యాబ్‌లో ప్రత్యక్షమయ్యాయంటే క్లౌడ్ పని చేస్తోందని అర్థం.

ఐఫోన్, ఐప్యాడ్ ఉన్నచోట ఈ మూడు దారులూ ఒకేసారి తెరిచి ఉండవచ్చు. అందుకే తికమక అక్కడే ఎక్కువ. ఆపిల్ 2011 అక్టోబరులో ఐఓఎస్ 5తో ఐమెసేజ్‌ను తెచ్చింది. పంపినప్పుడు నీలి బుడగలో కనిపించే ఈ సందేశం ఎస్ఎమ్ఎస్ కాదు, ఇంటర్నెట్ మీద నడుస్తుంది. పంపేవారి ఫోన్ ముందుగా ఆపిల్ సర్వరును అడిగి, అవతలి నంబరు కింద నమోదైన పరికరాలన్నిటి తాళపు సంకేతాలూ తెప్పించుకుంటుంది. ఆ తర్వాత ఒకే సందేశాన్ని ఒక్కో పరికరానికి విడిగా సంకేత భాషలోకి మార్చి పంపుతుంది. అంటే ఐప్యాడ్‌కు వచ్చేది ఫోన్ తీసి ఇచ్చిన నకలు కాదు, దాని పేరిట విడిగా వచ్చిన ఉత్తరమే. ఫోన్‌లో ఎన్ని మార్చినా ఇది ఆగకపోవడానికి కారణం అదే. ఆపవలసింది ఐప్యాడ్‌లో. సెట్టింగ్స్‌లో మెసేజెస్‌కు వెళ్లి (ఐప్యాడ్ఓఎస్ 18 నుంచి ఇది యాప్స్ అనే వరుసలో ఉంటుంది) సెండ్ అండ్ రిసీవ్ తెరిస్తే ఫోన్ నంబరూ ఈమెయిల్ చిరునామాలూ టిక్కు గుర్తులతో కనిపిస్తాయి. నంబరు పక్కనున్న టిక్కు తీసేస్తే ఆ నంబరుకు వచ్చే ఐమెసేజ్‌లు ఇక ఐప్యాడ్‌కు నేరుగా రావు. ఈమెయిల్‌కు వచ్చేవి మాత్రం వస్తాయి. ఏదీ వద్దనుకుంటే పైనున్న ఐమెసేజ్ మీటనే ఆఫ్ చేయవచ్చు.

బ్యాంకు ఓటీపీలు మామూలు ఎస్ఎమ్ఎస్‌లు. వాటిని ఐప్యాడ్‌కు చేర్చేది టెక్స్ట్ మెసేజ్ ఫార్వర్డింగ్ అనే మరో సదుపాయం. 2014 అక్టోబరులో ఐఓఎస్ 8.1తో వచ్చింది. ఇది రెండో దారి, అంటే ఫోన్ మోసుకెళ్లేది. ఆపే మీట కూడా ఫోన్‌లోనే ఉంది. ఐఫోన్ మెసేజెస్ సెట్టింగ్స్‌లో ఆ పేరు మీద నొక్కితే ఒకే ఆపిల్ ఖాతా వాడుతున్న ఐప్యాడ్‌లూ మ్యాక్‌లూ వరుసగా కనిపిస్తాయి. అక్కర్లేని దాని ఎదుట ఆఫ్ చేస్తే చాలు. మూడో దారి తెరిచి లేకపోతే, ఓటీపీ బయటపడకుండా ఉంటే చాలనుకునేవారికి ఈ ఒక్క మార్పే సరిపోతుంది.

మూడో దారి 2018 మేలో ఐఓఎస్ 11.4తో మొదలైన మెసేజెస్ ఇన్ ఐక్లౌడ్. ఇది ఆన్‌లో ఉంటే పై రెండూ మూసినా సంభాషణలు క్లౌడ్ నుంచి ఐప్యాడ్‌లోకి దిగుతూనే ఉంటాయి. ఐప్యాడ్ సెట్టింగ్స్‌లో యజమాని పేరు మీద నొక్కి, ఐక్లౌడ్‌లో మెసేజెస్‌ను ఆ ఐప్యాడ్ వరకు ఆఫ్ చేయాలి. చాలామంది దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. క్లౌడ్ కలయిక ఉన్నంతసేపూ ఐప్యాడ్‌లో ఒక సంభాషణ చెరిపితే ఫోన్‌లోనూ చెరిగిపోతుంది. పిల్లల చేతికి ఇచ్చేముందు ట్యాబ్ శుభ్రం చేద్దామని మెసేజ్‌లన్నీ తుడిచేసి, ఆ తర్వాత సింక్ ఆపితే ఫోన్‌లో ఉన్న ఏళ్ల నాటి మాటలూ ఫొటోలూ కూడా పోతాయి. చనిపోయిన నాన్న పెట్టిన చివరి మెసేజ్ అలా పోతే ఆ నష్టానికి కొలత లేదు. ముందు సింక్ ఆపాలి, ఆ తర్వాతే ట్యాబ్‌లో చెరపాలి. ఈ వరుస తప్పకూడదు. పొరపాటున ముందే చెరిపేసినవారు వెంటనే మెసేజెస్‌లో రీసెంట్లీ డిలీటెడ్ చూడాలి. ఐఓఎస్ 16 నుంచి చెరిపినవి 30 రోజుల పాటు అక్కడ ఉంటాయి. ఐక్లౌడ్ స్టోరేజి పేజీలో కనిపించే డిజేబుల్ అండ్ డిలీట్ వేరే పని చేస్తుంది. అది ఒక్క ఐప్యాడ్‌ను విడదీయదు, క్లౌడ్‌లోని సంభాషణల నిల్వనే తీసేస్తుంది. మనసు మార్చుకోవడానికి దానికీ 30 రోజుల గడువుంది.

ఐఫోన్ మానేసి ఆండ్రాయిడ్‌కు మారినవారికి ఇంకో చిక్కు ఎదురవుతుంది. నంబరు ఇంకా ఐమెసేజ్‌లో నమోదై ఉంటే, ఐఫోన్ ఉన్న స్నేహితులు పెట్టే సందేశాలు కొత్త ఫోన్‌కు రాకుండా ఇంట్లో మూలనున్న పాత ఐప్యాడ్‌కు వెళ్తుంటాయి. పంపినవారు చేరిందనుకుంటారు, అందుకోవలసినవారికి కబురే తెలియదు. సిమ్ తీయకముందే ఐఫోన్‌లో ఐమెసేజ్ ఆఫ్ చేస్తే ఇది రాదు. ఫోన్ చేజారిపోయాక గుర్తొస్తే, నంబరును ఐమెసేజ్ నుంచి తప్పించే సదుపాయం 2014 నవంబరు నుంచి ఆపిల్ వెబ్‌సైటులో ఉంది. నంబరు ఇచ్చి, ఎస్ఎమ్ఎస్‌గా వచ్చిన కోడ్ నమోదు చేయాలి.

ఆండ్రాయిడ్‌లో వ్యవహారం ఇంత మెలిక తిరగదు. గూగుల్ మెసేజెస్ యాప్‌ను ట్యాబ్‌తోనో కంప్యూటరు బ్రౌజరుతోనో జత చేస్తే, పంపడం అందుకోవడం అన్నీ ఫోన్ ద్వారానే జరుగుతాయి. ట్యాబ్ ఫోన్‌కు కిటికీ లాంటిదే. ఆపడానికి ఫోన్‌లో గూగుల్ మెసేజెస్ తెరిచి, పైన కుడివైపున్న ఖాతా బొమ్మ నొక్కి, డివైస్ పెయిరింగ్‌లోకి వెళ్లి, ట్యాబ్‌ను అన్‌పెయిర్ చేయాలి. ఆ జాబితాలో గుర్తుపట్టలేని పరికరం కనిపిస్తే దాన్ని ఒక్క నిమిషం కూడా ఉంచకూడదు. ఎవరో ఎప్పుడో రెండు నిమిషాలు ఫోన్ అడిగి తీసుకుని జత చేసుకుని ఉండవచ్చు.

శామ్‌సంగ్ ఫోన్, శామ్‌సంగ్ ట్యాబ్ ఒకే శామ్‌సంగ్ ఖాతాతో ఉంటే కాల్ అండ్ టెక్స్ట్ ఆన్ అదర్ డివైసెస్ అనేది వేరుగా పని చేస్తుంది. ఇది సెట్టింగ్స్‌లో కనెక్టెడ్ డివైసెస్ కింద, పాత మోడళ్లలో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ కింద ఉంటుంది. ఫోన్‌లో ఆపేస్తే అన్ని పరికరాలకూ ఆగుతుంది, ట్యాబ్‌లో ఆపితే ఆ ట్యాబ్ వరకే. గూగుల్ మెసేజెస్ జత విప్పినా మెసేజ్‌లు ఆగలేదంటే ముందుగా చూడవలసిన చోటు ఇదే. విండోస్ ట్యాబ్ అయితే మైక్రోసాఫ్ట్ వారి ఫోన్ లింక్‌ను చూడాలి.

ఇవేవీ కాకుండా వేరే యాప్‌లు ఎస్ఎమ్ఎస్‌లను చదివి బయటకు పంపే అవకాశమూ ఉంది. ఎస్ఎమ్ఎస్ అనుమతిని మెసేజ్‌ల కోసమే వాడే యాప్‌లకూ మరి కొన్నిటికీ తప్ప ఇవ్వరాదని గూగుల్ తన ప్లేస్టోరులో 2018–19లో కట్టడి చేసింది. స్టోరు బయటి నుంచి వచ్చే యాప్‌లకు ఆ కట్టడి వర్తించదు. పెళ్లి శుభలేఖ అనో ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు చేసేది ఇదే. ఓటీపీలను చదివి దొంగలకు చేరవేస్తాయి. సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజరు తెరిచి, ఎస్ఎమ్ఎస్ అనుమతి ఏ యాప్‌లకు ఉందో ఒకసారి కళ్లారా చూసుకోవాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

సింక్ కావాలి గానీ అందరి కళ్లా పడకూడదనుకునేవారికి మధ్యేమార్గం ఉంది. నోటిఫికేషన్లలో మెసేజ్ లోపలి మాటలు తాళం తీసినప్పుడే కనిపించేలా పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో 2012 నాటి 4.2 వెర్షన్ నుంచి ఒక్కొక్కరికి విడి యూజర్‌ను సృష్టించుకునే వీలుంది. పిల్లల యూజర్‌లోకి వెళ్తే పెద్దల మెసేజ్‌లు వారి తెర మీదకు రావు. ఇంట్లో వాడే ఐప్యాడ్‌లో ఆ వీలు లేదు. అక్కడ పిల్లలకు విడి ఆపిల్ ఖాతా తెరిచి ఫ్యామిలీ షేరింగ్‌లో కలపడమే సరైన మార్గం. కొన్న యాప్‌లు అందరికీ దక్కుతాయి, ఎవరి మెసేజ్‌లు వారికే వస్తాయి. ఒకే ఖాతాను భార్యాభర్తలు ఇద్దరూ రెండు ఐఫోన్లలో వాడుతున్నచోట కూడా మందు ఇదే.

వాట్సాప్‌కు పై సెట్టింగ్స్‌తో సంబంధం లేదు. ఫోన్‌లో లింక్‌డ్ డివైసెస్ జాబితా తెరిచి ట్యాబ్‌ను లాగౌట్ చేస్తే సరిపోతుంది.

అన్నీ ఆపాక పనయిందో లేదో చూసుకోవడానికి రెండు మెసేజ్‌లు కావాలి. ఒకటి మామూలు ఫోన్ నుంచి వచ్చే ఎస్ఎమ్ఎస్, రెండోది ఎవరిదైనా ఐఫోన్ నుంచి వచ్చే ఐమెసేజ్. ఆండ్రాయిడ్ వాడేవారికి మొదటిది చాలు. ట్యాబ్‌ను వైఫైలోనే ఉంచి పది నిమిషాలు ఆగి, తాళం తీసి మెసేజెస్ యాప్ లోపల కూడా చూడాలి. నోటిఫికేషన్ మోగకపోయినా లోపల కొత్త వరుస చేరి ఉండవచ్చు. చేరి ఉంటే, ఫోన్ స్విచాఫ్ చేసి మొదటి పరీక్ష మళ్లీ పెడితే తెరిచి ఉన్న దారి ఏదో దొరుకుతుంది.