అయ్యవారి ఉత్తరం

సిఫారసు అన్న మాటకు మన భాషలో మంచి పేరు లేదు. అర్హత చాలనిచోట పలుకుబడిని తోడు తెచ్చుకొనడమే సిఫారసని లోకం అర్థం చేసుకొన్నది. అందువల్లనే కాబోలు, బుద్ధిమంతుడైన విద్యార్థి సైతం విశ్వవిద్యాలయ ప్రవేశానికో, విద్యార్థివేతనానికో యోగ్యతాపత్రం కోరవలసివచ్చినప్పుడు తప్పు చేసినవానివలె ఉపాధ్యాయుల గది గుమ్మంవద్ద తచ్చాడుతాడు. తీరా గడువు రేపనగా లోపలికి వస్తాడు.

అట్లా వచ్చిన ఒక పిల్లవానికి నేనూ ఉత్తరం వ్రాశాను. సత్ప్రవర్తన గలవాడు, శ్రద్ధగా చదువువాడు అని అందరికీ వ్రాసే నాలుగు వాక్యాలే వ్రాసి ముద్ర వేసి ఇచ్చాను. నేను నల్లబల్లమీద చేసిన లెక్కలో తప్పును అతడు వినయంగా చూపిన రోజు నాకు గుర్తున్నది. ఉత్తరంలో మాత్రం లేదు. అతనికి వేతనం రాలేదు. కారణం నా ఉత్తరమేనని చెప్పలేను, కాదనీ చెప్పలేకున్నాను.

శ్రీనివాస రామానుజన్ జీవితాన్ని ఈ దృష్టితో మరల చదవవలసి ఉన్నది. ఎఫ్.ఏ. పరీక్ష తప్పి, పట్టం లేక తిరుగుతున్న అతనికి దారి తెరచినవి ఉత్తరాలే. కుంభకోణంలో గురువైన శేషు అయ్యరు పరిచయలేఖతో అతడు నాటి నెల్లూరు కలెక్టరు రామచంద్రరావుగారిని ఆశ్రయించాడు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పనికి పెట్టుకొన్న దరఖాస్తుకు ప్రెసిడెన్సీ కళాశాల గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ యోగ్యతాపత్రం తోడైనది. జీతం నెలకు 30 రూపాయలు.

1913 ఫిబ్రవరిలో గిల్బర్ట్ వాకర్ మద్రాసు విశ్వవిద్యాలయానికి వ్రాసిన లేఖ అన్నిటిలో గమనింపదగినది. ఆయన వాతావరణశాఖ అధిపతి, స్వయంగా గణితవేత్త. రామానుజన్ కృషిలోని స్వతంత్రత కేంబ్రిడ్జి కళాశాల ఫెలో పనికి తీసిపోదన్నాడు. ఆ వెంటనే, ఫలితాలను నిస్సందేహంగా ఒప్పుకొనడానికి కావలసిన సమగ్రత ఇంకా లేదన్నాడు. ఆ శాఖలో తాను నిపుణుణ్ణి కాననీ ఒప్పుకొన్నాడు. అయినా, కొన్నేళ్లు బ్రతుకుచింత లేకుండా గణితానికే అంకితమయ్యే అవకాశం అతనికి కల్పించడం న్యాయమని తేల్చాడు. రామానుజన్‌కు రెండేళ్లపాటు నెలకు 75 రూపాయల పరిశోధకవేతనం లభించింది.

పొగడ్తలో పొదుపు, లోపాన్ని దాచని నిజాయితీ, అడిగే కోరికలో స్పష్టత: ఉత్తరానికి బలం వీటివల్ల వచ్చింది. "నీవే వ్రాసి తెచ్చుకో, సంతకం చేస్తాను" అనే ఉపాధ్యాయులు ఇది ఒకసారి ఆలోచించాలి. ఇప్పుడు చాలా విదేశీ విశ్వవిద్యాలయాలు ఉత్తరాన్ని విద్యార్థి చేతిమీదుగా కాక, ఉపాధ్యాయునికి ఈమెయిల్ పంపి నేరుగా తెప్పించుకొంటున్నవి. విద్యార్థి కూడా నెల ముందుగా రావాలి. ఏ చదువుకు, ఎందుకు వెళ్లదలచాడో ఒక కాగితంమీద వ్రాసి తేవాలి.

ఈమధ్య ఒక అమ్మాయి అట్లాగే వచ్చింది. "మాస్టారూ, నన్ను గురించి మీరు నమ్మకంగా వ్రాయగలరనుకొంటేనే వ్రాయండి" అన్నది. ఆ రాత్రి చాలాసేపు కూర్చుని వ్రాశాను. ఆమె ఇంగ్లీషు ఇంకా బలపడవలసి ఉన్నదనికూడా వ్రాశాను.