కణంలోని అగ్ని పంపే సందేశం

తిన్న అన్నాన్ని పచనం చేసేది జఠరాగ్ని. ఆ సారాన్ని ధాతువులుగా మార్చేది ధాత్వగ్ని. గురుకులంలో మేము మొదట అభ్యసించిన పాఠాలలో ఇదొకటి. కణంలో శక్తిని పుట్టించే భాగాన్ని ఆధునికులు మైటోకాండ్రియా అంటారు. రెండూ ఒకటేనని నేననను. పోల్చి చూస్తే విషయం సులభంగా బోధపడుతుంది.

మైటోకాండ్రియాకు సొంత డి.ఎన్.ఎ. ఉంది. అందులోని 37 జన్యువులలో 13 మాత్రమే ప్రోటీన్లను తయారుచేస్తాయని చాలాకాలం భావించారు. 2001లో జపాను శాస్త్రజ్ఞులు హ్యూమనిన్ అనే పెప్టైడును, 2015లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 16 అమైనో ఆమ్లాలు గల మాట్స్-సి ని వెల్లడించారు. ఇవి వార్తాహరుల వంటివి. మాట్స్-సి కండరాలలో ఏ.ఎం.పి.కె. అనే ఎంజైమును ప్రేరేపించి, చక్కెర వినియోగాన్ని పెంచుతుంది. కణం ఒత్తిడికి లోనైనప్పుడు కేంద్రకంలో ప్రవేశించి జన్యువుల పనిని మారుస్తుంది. కొవ్వు మేపిన ఎలుకలలో స్థూలత్వాన్ని అరికట్టింది.

దీని ఇంజెక్షను తీసుకోవచ్చునా అని కొందరు మధుమేహ రోగులు నన్ను అడుగుతున్నారు. వద్దు. ఎలుకలలో కలిగిన ఫలితం మనుషులకు ప్రమాణం కాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సైతం దీనిని ఔషధంగా ఆమోదించలేదు.

అయితే వ్యాయామంతో మన కండరాలలో, రక్తంలో ఇది పెరుగుతుందని 2021లో తెలిసింది. ఆ మార్గం అందరికీ అందుబాటులోనే ఉంది. వ్యాయామం అర్ధశక్తి మేరకే చేయాలని సుశ్రుతాచార్యుల విధి. నుదుట, చంకలలో చెమట పట్టి, శ్వాస నోటికి రాగానే విరమించాలి.

మధుమేహులు వాడుతున్న మందులు మానరాదు. చక్కెరను తగ్గించే మందులు వాడేవారు పరగడుపున వ్యాయామానికి పూనుకొనే ముందు వైద్యుని సంప్రదించాలి. నిత్యం మితంగా చేసే వ్యాయామమే అగ్నికి దీపనం.