భాగం – 7 : ఇంట్లో వేడినీళ్ళు – తక్కువ శక్తితో సమకూర్చుకునే పద్ధతులు

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• మీ ఇంటికి రోజూ కావలసిన వేడినీళ్ళకు ఎంత శక్తి ఖర్చవుతుందో లెక్కకట్టగలుగుతారు.
• వివిధ రకాల వాటర్ హీటర్లు పనిచేసే తీరును, వాటి ఖర్చును పోల్చగలుగుతారు.
• పాత హీటరును ఎప్పుడు మార్చాలో, ఎప్పుడు మార్చనవసరం లేదో నిర్ణయించగలుగుతారు.
• హీటర్ల వాడకంలో ప్రాణాపాయం కలిగించే పొరపాట్లను గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

ఒక తరం కిందట మన ఇళ్ళలో పెరటి పొయ్యి మీద కాగులోనో, రాగి బాయిలర్‌లోనో నీళ్ళు కాచేవారు. ఇప్పుడు చాలా ఇళ్ళలో గీజర్ ఉంది. అది లేని ఇంట్లో బకెట్టులో వేసే హీటర్ రాడ్ ఉంది. పొగ తగ్గింది, శ్రమ తగ్గింది. కాని చలికాలం కరెంటు బిల్లు చూసినప్పుడు మాత్రం "ఈ నెల ఇంత ఎందుకు వచ్చింది?" అన్న ప్రశ్న మొదలవుతుంది. దీనికి సమాధానంగా చాలామంది వెంటనే కొత్త హీటర్ కొనాలనుకుంటారు. అది ఒక్కొక్కప్పుడు సరైన నిర్ణయమే. ఒక్కొక్కప్పుడు అనవసరపు ఖర్చు. ఏది ఏదో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క చాలు. ముందు ఆ లెక్క నేర్చుకుందాం.

7.2 నీటిని వేడిచేయడానికి ఎంత శక్తి కావాలి?

ఒక లీటరు నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెల్సియస్ పెంచడానికి ఒక కిలో కేలరీ ఉష్ణం కావాలి. కరెంటు మీటరులో ఒక యూనిట్ అంటే 860 కిలో కేలరీలు. ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి.

నలుగురున్న ఒక కుటుంబాన్ని తీసుకుందాం. మనిషికి 20 లీటర్ల బకెట్టు చొప్పున 80 లీటర్లు. చలికాలంలో కుళాయి నీరు 22 డిగ్రీలు, స్నానానికి కావలసినది 40 డిగ్రీలు అనుకుందాం. అంటే 18 డిగ్రీలు పెరగాలి.

80 × 18 = 1440 కిలో కేలరీలు
1440 ÷ 860 = 1.67 యూనిట్లు

ఈ 1.67 యూనిట్ల ఉష్ణం ఏ పద్ధతిలో కాచినా నీటికి అందవలసిందే. దాన్ని తగ్గించే హీటర్ ఏదీ లేదు. పద్ధతుల మధ్య తేడా అంతా ఆ ఉష్ణం ఎక్కడినుంచి వస్తుంది, దారిలో ఎంత వృథా అవుతుంది అన్నదాంట్లోనే ఉంది.

నీటికి అందవలసిన ఉష్ణాన్నే తగ్గించాలంటే నీళ్ళు తగ్గించాలి. నిమిషానికి 8 లీటర్లు పోసే షవర్ కింద 8 నిమిషాలు నిలబడితే 64 లీటర్లు ఖర్చవుతాయి. అంటే మూడు బకెట్లకు పైమాటే. బకెట్టు, చెంబు వాడే ఇల్లు ఏ యంత్రమూ మార్చకుండానే ఎంతో ఆదా చేస్తోందన్నమాట.

7.3 వృథా ఎక్కడ జరుగుతుంది?

7.3.1 గీజర్ ట్యాంకులో: గీజర్‌లోని వేడినీరు వాడకుండా నిలవ ఉన్నా, ట్యాంకు గోడల గుండా ఉష్ణం బయటికి పోతూనే ఉంటుంది. దీన్ని నిలవ నష్టం అంటారు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇచ్చే నక్షత్రాల లేబుల్ కొలిచేది ప్రధానంగా ఈ నష్టాన్నే. ట్యాంకు నీటికీ గది గాలికీ 45 డిగ్రీల తేడా ఉన్నప్పుడు 24 గంటల్లో ఎన్ని యూనిట్లు నష్టమవుతాయో లేబుల్ తెలుపుతుంది. నక్షత్రాలు పెరిగినకొద్దీ ట్యాంకు చుట్టూ ఉన్న ఉష్ణబంధక పొర మెరుగ్గా ఉన్నట్లు.

ఉదాహరణకు లేబుల్ మీద 0.8 అని ఉందనుకోండి. మీ గీజర్ 60 డిగ్రీల దగ్గర, గది 25 డిగ్రీల దగ్గర ఉంటే తేడా 35 డిగ్రీలు. అప్పుడు రోజుకు నష్టం 0.8 × 35 ÷ 45 = 0.62 యూనిట్లు. గీజర్‌ను 24 గంటలూ ఆన్‌లో ఉంచే ఇంట్లో 1.67 యూనిట్ల పనికి సుమారు 2.3 యూనిట్లు ఖర్చవుతాయి. స్నానాలకు కాస్త ముందు వేసి, ముగియగానే ఆపే ఇంట్లో 1.7 యూనిట్లతో సరిపోతుంది.

"మాటిమాటికీ వేసి తీస్తే ఎక్కువ కరెంటు కాలుతుంది" అన్న మాట మీరు వినే ఉంటారు. అది నిజం కాదు. నీరు ఎంత వేడిగా ఉంటే నష్టం అంత వేగంగా జరుగుతుంది. స్విచ్ ఆపితే నీరు చల్లబడేకొద్దీ నష్టమూ తగ్గుతుంది. కాబట్టి ఆపినప్పుడల్లా ఆదాయే.

7.3.2 పైపులో: గీజరుకూ కుళాయికీ మధ్య పైపులో నిలిచిన వేడినీరు మీరు కుళాయి కట్టగానే చల్లారడం మొదలవుతుంది. లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లున్న పైపు 10 మీటర్లుంటే అందులో సుమారు 3 లీటర్ల నీరు పడుతుంది. డాబా మీది సోలార్ హీటర్ నుంచి కింది అంతస్తుకు పైపు 20 మీటర్లుంటే, వేడినీరు రాకముందు 6 లీటర్లకు పైగా చన్నీళ్ళు వదలాలి. పైపు దారి తగ్గించడం, దానికి ఫోమ్ గొట్టం తొడగడం ఖర్చు తక్కువైన మార్పులు.

7.3.3 పొయ్యిలో: మూడు రాళ్ళ కట్టెల పొయ్యిలో కట్టెల ఉష్ణంలో సుమారు పదో వంతు మాత్రమే గిన్నెకు చేరుతుంది. కిలో కట్టెల నుంచి 4000 కిలో కేలరీలు వస్తే, నీటికి అందేది 400. మన ఉదాహరణలోని 80 లీటర్లకు రోజుకు 3.6 కిలోల కట్టెలు కావాలి. మిగిలినది వేడిగాలిగా, పొగగా పోతుంది. ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. 25 లీటర్ల నీటిని 22 నుంచి 60 డిగ్రీలకు వేడిచేయడానికి ఎన్ని యూనిట్లు కావాలి?
2. గీజర్ లేబుల్ మీది నక్షత్రాలు ప్రధానంగా ఏ నష్టాన్ని తెలుపుతాయి?

7.4 వివిధ పద్ధతులు – పోలిక

(అ) హీటర్ రాడ్: కావలసిన బకెట్టునే వేడిచేస్తుంది కనుక కరెంటు వృథా తక్కువ. కాని అపాయం ఎక్కువ. దీని గురించి 7.6లో చూడండి.

(ఆ) ట్యాంకు గీజర్: 25 లీటర్ల గీజర్‌లోని 60 డిగ్రీల నీటిని 22 డిగ్రీల నీటితో కలిపితే 40 డిగ్రీల నీరు సుమారు 52 లీటర్లు వస్తుంది. అంటే రెండున్నర బకెట్లు. మీ అవసరాన్ని ఇలా లెక్కించి ట్యాంకు పరిమాణం ఎంచుకోండి. అవసరానికి మించిన ట్యాంకు నిలవ నష్టాన్ని పెంచుతుంది.

(ఇ) ఇన్‌స్టంట్ గీజర్: నిలవ నష్టం దాదాపు ఉండదు. వంటింటి సింకుకు, ఒకరిద్దరి అవసరానికి అనువైనది. 3000 వాట్ల హీటర్ 13 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. పాత వైరింగ్ అంత బరువు మోయగలదో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.

(ఈ) గ్యాస్ గీజర్: సుమారు 80 శాతం సామర్థ్యం ఉందనుకుంటే, మన ఉదాహరణకు రోజుకు 165 గ్రాముల గ్యాస్ చాలు. 14.2 కిలోల సిలిండర్ దాదాపు 86 రోజులు వస్తుంది. మంట ఉన్నచోట గాలి ఆడాలన్నది దీని ముఖ్య నియమం.

(ఉ) హీట్ పంప్: ఇది కరెంటుతో ఉష్ణాన్ని పుట్టించదు. బయటి గాలిలోని ఉష్ణాన్ని నీటిలోకి తోడుతుంది. ఫ్రిజ్ లోపలి వేడిని వెనకవైపు వదలడం మీరు గమనించే ఉంటారు. ఇదీ అదే సూత్రం. ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల ఉష్ణం నీటికి అందుతుంది. 1.67 యూనిట్ల పనికి 0.56 యూనిట్ చాలు. మొదటి పెట్టుబడి ఎక్కువ కనుక ఏడాది పొడవునా వేడినీళ్ళు కావలసిన హాస్టళ్ళు, ఆసుపత్రులు, హోటళ్ళలో ఇది త్వరగా గిట్టుబాటవుతుంది.

(ఊ) సోలార్ వాటర్ హీటర్: డాబా మీది పలకలోనో గాజు గొట్టాలలోనో ఎండకు వేడెక్కిన నీరు తేలికై పైన ఉన్న ట్యాంకులోకి చేరుతుంది. చల్లని నీరు కిందికి దిగుతుంది. మోటారు అక్కర్లేదు. తెలుగు రాష్ట్రాలలో ఒక చదరపు మీటరు మీద రోజుకు సగటున 5 యూనిట్ల వరకు సౌరశక్తి పడుతుంది. 2 చదరపు మీటర్ల పలక అందులో సగం పట్టుకున్నా 5 యూనిట్లు. అది 100 లీటర్ల నీటిని సుమారు 43 డిగ్రీలు పెంచుతుంది. పలక దక్షిణానికి ముఖం చేసి ఉండాలి. నీడ పడకూడదు. బోరు నీటిలో లవణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో పలకలోని సన్నని రాగి గొట్టాలు పూడిపోతాయి. అక్కడ గాజు గొట్టాల రకం గాని, హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్న పలక రకం గాని మేలు.

ఒక తికమకను ఇక్కడే తొలగించుకుందాం. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కరెంటు పుట్టించే సోలార్ ప్యానెళ్ళకు సంబంధించినది. నీళ్ళు కాచే సోలార్ హీటర్ వేరే పరికరం. ఎవరైనా ఆ పథకం పేరు చెప్పి సబ్సిడీలో వాటర్ హీటర్ ఇస్తామంటే అడ్వాన్సు కట్టకముందే విచారించండి.

7.5 మార్చాలా, వద్దా?

ఈ నిర్ణయంలో ముఖ్యమైన అంకె మీరు ఏడాదికి ఎన్ని రోజులు వేడినీళ్ళు వాడతారన్నది. 100 లీటర్ల సోలార్ హీటర్ ఖర్చు బిగింపుతో సహా 25,000 రూపాయలు, యూనిట్ ధర 7 రూపాయలు, పదిలో తొమ్మిది రోజులు ఎండ సరిపోతుంది అనుకుని రెండు ఇళ్ళను పోల్చుదాం. మీ ఊరి ధరలు వేసుకుని ఇదే లెక్క మళ్ళీ చేయండి.

మొదటి ఇల్లు: నలుగురు. చలికాలం 150 రోజులే వేడినీళ్ళు. రోజుకు 1.7 యూనిట్లు. ఏడాదికి 255 యూనిట్లు. సోలార్ ఆదా చేసేది సుమారు 230 యూనిట్లు, అంటే 1,610 రూపాయలు. పెట్టుబడి తిరిగి రావడానికి 15 ఏళ్ళు దాటుతుంది.

రెండవ ఇల్లు: ఆరుగురు. ముసలివారు, పసిబిడ్డ ఉన్నారు. 300 రోజులు వేడినీళ్ళు. రోజుకు సగటున 2.2 యూనిట్లు. ఏడాదికి 660 యూనిట్లు. ఆదా సుమారు 594 యూనిట్లు, అంటే 4,158 రూపాయలు. ఆరేళ్ళలో పెట్టుబడి తిరిగివస్తుంది.

పరికరం ఒకటే, ఎండ ఒకటే. అయినా రెండు ఇళ్ళకు రెండు జవాబులు వచ్చాయి. రెండవ ఇంటికి సోలార్ లాభం. మొదటి ఇంటికి స్విచ్ వేళకు ఆపడం, పైపుకు తొడుగు వేయడం చాలు. గీజర్ ట్యాంకు కారినప్పుడు ఐదు నక్షత్రాలది కొనుక్కుంటే సరి. బాగా పనిచేస్తున్న గీజర్‌ను నక్షత్రాల కోసమే తీసివేయడం, దాన్ని రోజుకు గంటసేపే వాడే ఇంట్లో గిట్టుబాటు కాదు.

ఇంకొక సంగతి. గృహ విద్యుత్తులో వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర శ్లాబుల వారీగా పెరుగుతుంది. మీరు ఆదా చేసిన యూనిట్లు పై శ్లాబు నుంచే తగ్గుతాయి. కాబట్టి ఆదా లెక్కకు బిల్లులోని సగటు ధర కాకుండా, మీ ఇల్లు చేరుకున్న చివరి శ్లాబు ధర తీసుకోండి.

7.6 భద్రత

ఆదా లెక్కలో తప్పు జరిగితే డబ్బు పోతుంది. భద్రతలో తప్పు జరిగితే మనిషి పోతారు. కింది నియమాలను ఇంట్లో అందరికీ చెప్పండి.

• హీటర్ రాడ్ నీటిలో ఉండగా నీరు వేడెక్కిందో లేదో చేయి పెట్టి చూడకూడదు. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, తరవాతే బకెట్టును తాకాలి. పసిపిల్లలున్న ఇంట్లో రాడ్ వాడకపోవడమే మేలు.
• గీజరుకు సరైన ఎర్తింగ్, ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. కరెంటు లీకైతే ఇది క్షణంలో సరఫరా ఆపుతుంది. పైన చెప్పిన ఏ ఆదా కన్నా ముందు ఖర్చు పెట్టవలసింది దీనిమీద.
• గీజర్ మీది ప్రెషర్ వాల్వ్ నుంచి నీరు కారుతోందని దాన్ని మూసివేయకండి. ట్యాంకు పేలకుండా కాపాడేది అదే.
• గ్యాస్ గీజర్‌ను స్నానాలగది లోపల బిగించకూడదు. గాలి చాలనప్పుడు మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని అది దెబ్బతీస్తుంది. స్నానం మధ్యలో తలనొప్పి, తల తిరగడం అనిపిస్తే వెంటనే తలుపు తీసి బయటికి రావాలి.
• 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది. పిల్లలకు స్నానం చేయించేటప్పుడు బకెట్టులో ముందు చన్నీళ్ళు పోసి, తరవాత వేడినీళ్ళు కలపండి. అయితే కాలిన గాయాల భయంతో గీజర్‌ను మరీ తక్కువలో పెట్టి నీటిని రోజుల తరబడి నిలవ ఉంచవద్దు. గోరువెచ్చని నిలవ నీటిలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది.
• బోరు నీరు వాడే ఇళ్ళలో ఏడాదికొకసారి ట్యాంకులోని పొలుసు తీయించి, మెగ్నీషియం కడ్డీ అరిగిందేమో చూపించండి. ట్యాంకుకు పట్టవలసిన తుప్పును ఆ కడ్డీ తన మీదికి తీసుకుంటుంది.

7.7 సారాంశం

వేడినీళ్ళ ఖర్చును ముందు లీటర్లలో, డిగ్రీలలో లెక్కించాలి. మొదట నీటి వాడకం, తరవాత నిలవ నష్టం, పైపు నష్టం తగ్గించుకోవాలి. యంత్రం మార్చడం వాటి తరవాతి మెట్టు. ఏడాదిలో ఎక్కువ రోజులు వేడినీళ్ళు వాడే ఇంటికి సోలార్ హీటర్ లేదా హీట్ పంప్ లాభం. తక్కువ రోజులు వాడే ఇంటికి ఉన్న గీజర్‌ను తెలివిగా వాడుకోవడం లాభం. ఏ పద్ధతి ఎంచుకున్నా భద్రతా ఏర్పాట్లు ముందు పూర్తి చేయాలి.

7.8 'మీ ప్రగతిని పరీక్షించుకోండి' – జవాబులు

1. 25 × 38 = 950 కిలో కేలరీలు; 950 ÷ 860 = సుమారు 1.1 యూనిట్లు.
2. నిలవ నష్టాన్ని.

7.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుతో అంతకు మించిన ఉష్ణాన్ని ఎలా అందిస్తుందో వివరించండి.
2. మీ ఇంట్లో వారం రోజులు వేడినీళ్ళ వాడకాన్ని లీటర్లలో రాసుకుని, నెలకు అయ్యే యూనిట్లను లెక్కించండి. మీ ఇంటికి సోలార్ హీటర్ గిట్టుబాటవుతుందో లేదో కారణాలతో రాయండి.
3. గ్యాస్ గీజర్ వాడకంలో పాటించవలసిన జాగ్రత్తలను తెలపండి.