ఎదిగే వేళ... ఎవరిది వారిదే!

జూన్ 12. వేసవి సెలవులయ్యాక బడి తెరిచారు. ప్రార్థనకు పిల్లలంతా ఎత్తు ప్రకారం వరసలో నిలబడ్డారు. నిరుడు ఎనిమిదో తరగతిలో ముందున్న కుర్రాడు ఈసారి చివరికెళ్లిపోయాడు. గొంతు బొంగురుపోయింది, పెదవి మీద నూనూగు మీసం. అతని జతగాడు మాత్రం ఇంకా మొదట్లోనే ఉన్నాడు. అదే సన్నని గొంతు, అదే చిన్న చొక్కా. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే వీధి!

ఏ హైస్కూల్లోనైనా కనిపించే దృశ్యమే ఇది. కామారెడ్డి జిల్లాలో, సంగారెడ్డి నుంచి నాందేడ్ వెళ్లే జాతీయ రహదారి మీదున్న పెద్ద కొడప్‌గల్ లాంటి ఊళ్లో అయితే మరీనూ. ఎవరి పిల్లాడు ఎంత ఎదిగాడో అందరికీ లెక్కే. ‘‘ఏందక్కా, మీవోడింకా గంతనే ఉన్నడు?’’ అని ఎవరో ఒకరు అంటారు. అన్నవాళ్లు మరిచిపోతారు. విన్న తల్లికి మాత్రం ఆ రాత్రి నిద్రపట్టదు.

ఆడపిల్ల పెద్దమనిషైతే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. మగపిల్లల విషయంలో అలాంటి గుర్తేదీ ఉండదు. పంచెల ఫంక్షన్ చేస్తారుగానీ అది చేతిలో డబ్బు, చుట్టాల వీలు చూసుకుని చేసేది. ఒంట్లో వచ్చే మార్పుతో దానికి సంబంధం లేదు. అందుకే అబ్బాయి ఎదుగుదల గురించి తల్లి అడగలేదు, తండ్రి చెప్పడు. పిల్లాడేమో లోలోపలే కుమిలిపోతాడు.

అయిదేళ్ల తేడా... మామూలే!

మగపిల్లల్లో యౌవన దశ 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవ్వొచ్చు. ఎక్కువమందిలో పదకొండు, పన్నెండేళ్లకు మొదలవుతుంది. మెదడులోని హైపోథలామస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి సంకేతం అందుతుంది. అది వృషణాలను మేల్కొలుపుతుంది. వాటి పరిమాణం పెరగడమే తొలి గుర్తు. మీసం, గొంతు మారడం చాలా తర్వాతి సంగతులు. అంటే మీసం రాలేదని అమ్మానాన్నలు బెంగపడే సమయానికి లోపల పని మొదలై ఉండొచ్చు.

ఆడపిల్లలు ఈ దశ మొదట్లోనే చకచకా పొడవవుతారు. మగపిల్లల్లో ఆ ఊపు మధ్యలో వస్తుంది. ఆరేడు తరగతుల్లో అమ్మాయిలే పొడుగ్గా కనిపించేది ఇందుకే. ఆ ఊపు వచ్చిందంటే అబ్బాయిలు ఏడాదికి 9, 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతారు.

తిండిలో తేడా వల్లే ఇలా అనుకుంటారు చాలామంది. బ్రిటన్ వైద్యుడు జేమ్స్ టానర్ 1948 నుంచి హార్పెండెన్ అనే చోట పిల్లల వసతి గృహంలో ఏళ్ల తరబడి ఎదుగుదలను కొలిచారు. విలియం మార్షల్‌తో కలిసి 1970లో మగపిల్లల వివరాలు ప్రచురించారు. ఒకే కప్పు కింద పెరిగిన ఆ పిల్లల్లోనూ సుమారు తొమ్మిదిన్నరేళ్లకు మొదలైనవాళ్లున్నారు, పదమూడున్నర దాకా ఆగినవాళ్లూ ఉన్నారు.

ముందు నాన్ననడగండి

ఆలస్యంగా ఎదిగే మగపిల్లల్లో ఎక్కువమందికి జబ్బేమీ ఉండదు. అది వంశంలో వచ్చే తీరు. అందుకే డాక్టర్లు ముందడిగే ప్రశ్న... ‘‘మీరెప్పుడు పొడవయ్యారు?’’ అని తండ్రిని. ‘‘పదో తరగతి దాకా నేనే పొట్టోణ్ని. ఇంటర్‌లో పెరిగిన’’ అంటే సగం జవాబు దొరికినట్టే. ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఎముకల వయసు తెలుస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లాడి ఎముకలు పన్నెండేళ్లవాడిలా ఉన్నాయంటే పెరగడానికి ఇంకా సమయం ఉందన్నమాట!

ముందే ఎదిగినవాడి కష్టం వేరు. పదేళ్లవాడు పదమూడేళ్లవాడిలా కనిపిస్తే పెద్దపనులు చెబుతారు, పెద్దరికం ఆశిస్తారు. ఒళ్లు పెరిగినా మనసు పదేళ్లదేనని మరిచిపోతారు.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి?

రెండు అంకెలు గుర్తుంటే చాలు... 9, 14.

తొమ్మిదేళ్లలోపే మార్పులు మొదలైతే ఆలస్యం చేయకూడదు. మగపిల్లల్లో మరీ ముందు రావడం వెనక ఏదో ఒక కారణం ఉండే అవకాశం ఎక్కువ. పైగా ఎముకల చివర్లు త్వరగా మూసుకుపోతాయి. ఇప్పుడు అందరికంటే పొడుగ్గా ఉన్నవాడే చివరికి పొట్టిగా మిగిలిపోవచ్చు.

పద్నాలుగు నిండినా ఏ మార్పూ లేకపోయినా, మొదలై మధ్యలో ఆగిపోయినా చూపించాలి. థైరాయిడ్ లోపం, తలసీమియా, దీర్ఘకాలిక జబ్బులు, పోషకాహార లోపం కారణం కావచ్చు. తరచూ తలనొప్పి, చూపు మందగించడం, వాసన తెలియకపోవడం ఉంటే తప్పకుండా చెప్పాలి. బడికొచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాన్ని అడగొచ్చు. 2013లో మొదలైన ఈ పథకం పద్దెనిమిదేళ్ల వరకూ పిల్లలకు వర్తిస్తుంది. బాన్సువాడలో పిల్లల డాక్టరుకు చూపించి, అవసరమైతే హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రుల ఎండోక్రైనాలజీ విభాగాలకు వెళ్లొచ్చు.

ఎవరో చెప్పారని పొడవు పెంచే పొడులు, హార్మోన్ ఇంజెక్షన్లు మాత్రం వద్దు. పిల్లాడు బాగా కుంగిపోతుంటే నిపుణులు కొన్ని నెలలపాటు తక్కువ మోతాదులో హార్మోన్ ఇస్తారు. అది వాళ్లు పరీక్షించి తేల్చాల్సిందే. సొంతంగా వాడితే ఎముకలు ముందే ముదిరి, రావలసిన ఎత్తు కూడా రాదు.

ఇంకో మాట. ఈ వయసులో దాదాపు సగం మంది అబ్బాయిలకు రొమ్ము భాగం కాస్త ఉబ్బుతుంది. రెండేళ్లలోపు చాలావరకూ అదే తగ్గిపోతుంది. ఆ సంగతి తెలియక ఎండాకాలంలో చెరువుకు ఈతకెళ్లడం మానేసే పిల్లలుంటారు.

అందుకే ఓ సాయంత్రం కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, తన చిన్నప్పటి ఫొటో ఒకటి తీసి చూపించాలి నాన్న. వరసలో ముందు నిలబడ్డ ఆ పొట్టి పిల్లాడు తనేనని చెప్పాలి. ఏ టానిక్కూ ఇవ్వలేని ధైర్యం ఆ ఒక్కమాట ఇస్తుంది.