ఇంటికి వచ్చు ఫిజియోథెరపీ సహాయకుడు

పక్షవాతము వచ్చిన అవ్వనో తాతనో ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చినప్పుడు, వైద్యుడు వ్రాసి యిచ్చిన చీటీలో తరచుగా ఫిజియోథెరపీ అను మాట యుండును. రెండు దినములకు ఒక యువకుడు వచ్చి కాలుచేతులు ఆడింపసాగును. ఇంటివారందరును అతనిని "డాక్టరుగారు" అని పిలుతురు. అతడు ఎవరో, ఏమి చేయదగినవాడో అడుగుట మర్యాద కాదని ఊరకుందురు. అడుగుటయే మేలు.

ఈ పనిలో ఇరువురు కలరు. ఫిజియోథెరపిస్టు నాలుగేండ్లకు పైబడిన పట్టపు చదువు చదివినవాడు. రోగిని పరీక్షించి, కండరముల బలమును, కీళ్ల కదలికను కొలిచి, ఏ వ్యాయామము ఎన్ని మారులు చేయింపవలెనో నిర్ణయించును. సహాయకుడు ఆ నిర్ణయమును నడిపించువాడు. రోగి నడుము పట్టి నిలబెట్టును; చేతికఱ్ఱ బలమైన చేతిలో నుండవలెనని చూపును; ఆయాసము వచ్చిన ఆపి, ఆ సంగతి ఫిజియోథెరపిస్టునకు తెలుపును. వ్యాయామమును తనంత మార్చుట, మందు చెప్పుట అతని పని గాదు. అమెరికాలో 1967 నుండి ఈ సహాయకులకు ప్రత్యేక వృత్తిగా గుర్తింపు కలదు. రెండేండ్ల చదువును కలదు. మన ఊళ్లలో ఈ హద్దు అంత స్పష్టముగా కానరాదు. కావుననే మనము అడుగవలసి వచ్చుచున్నది.

హద్దు దాటిన ఏమగునో భుజమును చూచిన తెలియును. పక్షవాతమున భుజము చుట్టునున్న కండరములు సడలి, చేతి బరువునకే కీలు క్రిందికి జారుచుండును. అట్టి చేతిని పట్టి లాగి రోగిని లేపినను, బలవంతముగా తలపైకి ఎత్తినను, భుజము దెబ్బతినును. నేనెరిగిన ఒక యింట అట్లే జరిగినది. అవ్వకు నడక వచ్చినది గాని, భుజపు నొప్పి ఏడాది దాక నిద్రపోనీయలేదు. ఆ లాగినది సహాయకుడొక్కడే కాదు, ఇంటివారును లాగిరి. చేయి పట్టక, వీపు వెనుకను నడుమును ఆనించి లేపుట ఇంటిల్లిపాదియు అతని వద్ద నేర్చుకొనవలెను.

తగినవానిని వెదకుటకు ముందుగా చికిత్స చేసిన వైద్యునే అడుగుడు. పిదప ప్రభుత్వాసుపత్రిలోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోను విచారింపుడు. ఇంటివద్దనే ఫిజియోథెరపీ అందించుట కూడ చేరిన "మక్కళై తేడి మరుత్తువం" పథకము 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే మొదలైనది. వచ్చినవానిని రెండు ప్రశ్నలు అడుగుడు: మీరు ఏ ఫిజియోథెరపిస్టు చెప్పినట్లు చేయుచున్నారు? ఆయన మరల ఎప్పుడు చూచును? మొదటిదానికి పేరు చెప్పలేనివానిని నేనైతే రానీయను.

విద్యార్థులారా, ఇక మీ పని. వచ్చువాడు తమిళము మాటలాడును. అవ్వకు తెలుగే వచ్చును. నడుమ దుబాసి మీరే. నొప్పి, మంట, తిమ్మిరి, గుంజుట వేరువేరు. అన్నిటిని "వలి" అని ఒకే మాటలో చెప్పివేయకుడు. అవ్వ "తిమ్మిరి" అన్నదానిని అట్లే పలికితిరా, తమిళమున "తిమిర్" అనగా పొగరు అను అర్థమే వాడుకలో ఎక్కువ. వచ్చినవాడు నవ్వి ఊరకుండును. స్పర్శ తెలియుటలేదని విడమరచి చెప్పుడు. చెప్పిన వ్యాయామమును, మారుల లెక్కను తెలుగున పెద్ద అక్షరములతో వ్రాసి, అవ్వ మంచమునకు ఎదురుగా గోడకు అంటింపుడు.