డాక్టరేటయ్యాక కూడా చదువేనా?

"పీహెచ్‌డీ అయిపోయిందిగా అమ్మాయ్, మళ్ళీ అమెరికా వెళ్ళి ఏం చదువుతావు?" మా అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న ఇది. పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ అంటే చదువు కాదత్తయ్యా, పని అన్నాను. పరీక్షలుండవు, డిగ్రీ ఇవ్వరు. ఏడాదో రెండేళ్ళో జీతమిచ్చి నీ పరిశోధన నువ్వు చేసుకోమంటారు. కొన్నిచోట్ల ఓ క్లాసు చెప్పమంటారు. "మరి ఆ తర్వాత?" అందావిడ. అసలు ప్రశ్న అదే!

నేను గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతాను. అమెరికా రాజకీయ చరిత్ర మనకెందుకని అడిగినవాళ్ళకి మేరీ కీటింగ్ దాస్ సంగతి చెబుతుంటాను. ఆవిడ అమెరికన్. మన బెంగాల్ విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్‌ని పెళ్ళాడింది. పరాయిదేశస్థుడిని చేసుకున్న అమెరికా స్త్రీకి భర్త పౌరసత్వమే వర్తిస్తుందని 1907లో చట్టం చేశారు. 1922లో దాన్ని సడలించినా, పౌరసత్వానికి అర్హత లేని జాతివాడిని చేసుకుంటే మాత్రం పాత శిక్షే. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో భారతీయులకు ఆ అర్హత లేదని సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో తారక్‌నాథ్ పౌరసత్వానికీ, ఆయనతోపాటు మేరీ పౌరసత్వానికీ ముప్పొచ్చింది. తాను దేశంలేని స్త్రీనయ్యానంటూ 1926లో 'ది నేషన్' పత్రికలో ఆవిడ వ్యాసం రాసింది. అప్పటికి అమెరికాలో ఆడవాళ్ళకి ఓటుహక్కు వచ్చి ఆరేళ్ళు!

ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో పెట్టిన అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ పుస్తకాలతోనే నా థీసిస్ చాలావరకు నడిచింది. కానీ అసలు కాగితాలు అక్కడే ఉన్నాయి కదా.

మొదటిసారి పంపిన దరఖాస్తులన్నీ తిరిగొచ్చాయి. ఎందుకో తర్వాత తెలిసింది. థీసిస్‌నే కుదించి ప్రాజెక్టు అని పంపాను. వాళ్ళకి కావలసింది థీసిస్ తర్వాతి ప్రశ్న: ఏ కొత్త కాగితాలు చూస్తావు, అవి ఎక్కడున్నాయి, ఏడాదిలో ఏం రాస్తావు? రెండోసారి ఆ రెండు పేజీలు పదకొండుసార్లు తిరగరాశాను. ఒకచోట తీసుకున్నారు.

అప్పుడు మొదలైంది ఇంట్లో లెక్క. జీతంలేని సెలవు, పాప ఏడో తరగతి, మావారికి బ్యాంకులో సెలవు దొరకదు. పాపని నేను చూసుకుంటాలే అంది అత్తయ్య, ప్రశ్నలడిగిన ఆవిడే. ఫోన్లో పాప గొంతు విన్న రోజుల్లో ఎందుకొచ్చానా అనిపించేది. ఆ బాధ చిన్నదని చెప్పను.

వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో రీసెర్చర్ కార్డు ఉచితం. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. వందేళ్ళనాటి అర్జీలు చేత్తో పట్టుకుని చదవడం వేరు, పుస్తకంలో చదవడం వేరు. హార్వర్డ్‌లోని ష్లెసింజర్ లైబ్రరీ పూర్తిగా స్త్రీల చరిత్రదే. 1943లో మాడ్ వుడ్ పార్క్ ఇచ్చిన కాగితాలతో మొదలైంది. అక్కడికి వెళ్ళి చదువుకోవడానికి చిన్న గ్రాంట్లు ఇస్తుంటారు. ఏడాది ఫెలోషిప్‌కి ముందు ఇలాంటి నెలరోజుల గ్రాంటుతో మొదలుపెట్టడం పిల్లలున్నవాళ్ళకి నయమని నాకనిపిస్తుంది. టెక్సాస్‌లో సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ అధ్యక్షుల చరిత్ర కేంద్రం కొత్తగా డాక్టరేట్ చేసినవాళ్ళకి పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్‌లు ఇచ్చింది. ఫుల్‌బ్రైట్‌కి వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి, తిరిగొచ్చాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్న వీసా నిబంధన వాళ్ళకి ఉంటుంది. కొందరు సంతకం పెట్టాక చూసుకుని లబోదిబోమంటారు.

తిరిగొచ్చి మళ్ళీ పాత క్లాసులే చెబుతున్నాను. పుస్తకం సగంలో ఉంది. "ఆ మేరీ సంగతేమైంది?" అని అత్తయ్య అడుగుతుంటే 1931లో ఆ చట్టం మారిన అధ్యాయం ఆవిడకే ముందు చదివి వినిపించాను.

మా జూనియర్ లెక్చరర్ ఒకమ్మాయి ఈసారి దరఖాస్తు పెడుతోంది. బాబుకి రెండేళ్ళు. వాడి సంగతి, వీసా సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ రెండు పేజీలు పట్రా అన్నాను.